యుద్ధం సినిమాకు తెలుగు చెప్పినప్పుడు

పేరు లేని పని

మా మనవరాలి స్నేహితులు ఇద్దరు ఇంగ్లీషు సినిమాలకు తెలుగు మాటలు రాసే పనిలో చేరారు. మొన్న ఇంటికి వచ్చినప్పుడు, "తాతా, మీరూ ఇదే పని చేసేవారంట కదా, ఎలా చేసేవారు?" అని అడిగారు. చెప్పాను. నవ్వారు. నమ్మినట్టు లేదు. పోయేముందు మళ్ళీ అదే అడిగారు. నోటితో చెబితే వీళ్ళకు ఎక్కదని రాసిపెడుతున్నాను. ఎప్పుడు చేరాను, ఎంతిచ్చారు, ఎప్పుడు మానేశాను అన్నవి ఎవరికీ పనికిరావు. అవి వదిలేస్తున్నాను.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ళలో ఇంగ్లీషు సినిమా పడినప్పుడల్లా తెర పక్కన స్టూలు వేసుకుని, మైకు పట్టుకుని, కథ తెలుగులో చెప్పడం నా పని. తెలుగు సినిమాకూ తెలుగు సినిమాకూ మధ్య హాలు ఖాళీగా ఉండకూడదని మా యజమాని బెంగుళూరు నుంచి పాత ఇంగ్లీషు బొమ్మలు తెప్పించేవాడు. రేకు పెట్టెల్లో రైల్లో వచ్చేవి. మా దాకా వచ్చేసరికి గీతలు పడి, అతుకులు పడి, హీరో గుర్రం ఎక్కడం చూస్తే దిగడం ఉండేది కాదు. ఆ మధ్యలో ఏం జరిగిందో చెప్పేవాణ్ణి నేనే. ఈ పనికి సరైన పేరు లేదు. జనం మాత్రం నన్ను మైకాయప్ప, అంటే మైకు పట్టుకునే ఆయప్ప, అనేవాళ్ళు.

నా ఇంగ్లీషు గురించి గొప్పలు చెప్పుకోను. హైస్కూలు దాటని ఇంగ్లీషు. తెర మీద వాళ్ళు మాట్లాడేదాంట్లో సగం అర్థమయ్యేది, మిగతా సగం ముఖాలు చూసి ఊహించేవాణ్ణి. పైగా నేను కూర్చునే చోటు నుంచి చూస్తే ముఖాలన్నీ సాగిపోయి కనబడేవి. ఇన్నేళ్ళు సినిమాల్లో ఉండి ఒక్క అందగత్తెనూ సరైన కొలతల్లో చూడలేదు. అయితే ఆ స్టూలు మీద నుంచి ఒక లాభం ఉంది. జనం ముఖాలు బాగా కనబడేవి. తెర వెలుతురు వాళ్ళ మీద పడుతుంటే, ఏ మాట అందిందో ఏది అందలేదో నాకు వెంటనే తెలిసిపోయేది.

యజమాని నాగప్ప

మా యజమాని నాగప్పకు హిందూపురంలో హాలు, పెనుకొండలో డేరా, ధర్మవరంలో ఇంకొకరితో పొత్తు ఉండేవి. మంచివాడే. కానీ ముందుగా ఒకసారి నా కోసం సినిమా వేసి చూపించమంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "మిషన్లో కార్బన్ కడ్డీలు ఊరికే కాల్చేదానికా? జనంతో పాటే చూసుకో. తెలివి ఉండేది ఏంటికి?" అనేవాడు.

ధర్మవరంలో ఆ తెలివే కొంప ముంచింది. ఒక సినిమాలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి ఒకే ఇంట్లో నవ్వుకుంటూ తిరుగుతుంటే, అన్నాచెల్లెళ్ళని చెప్పేశాను. విరామం దాకా అన్నాచెల్లెళ్ళ అనురాగం గురించి గొంతు తడుపుకుంటూ చెప్పాను. ఆ తరువాత వాళ్ళు తోటలో ముద్దు పెట్టుకున్నారు. బెంచీల మీద మగ్గం పనివాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ అబ్బాయి అసలు అన్న కాదని, చిన్నప్పుడు రైల్లో మారిపోయాడని అప్పటికప్పుడు అల్లి చెప్పి బయటపడ్డాను. మరుసటి రోజు నుంచి ఆ రైలు కథ వినడానికే రెండోసారి వచ్చినవాళ్ళు ఉన్నారు. నాగప్పకు మహా సంతోషం. "చూసినావా? ముందే చూసింటే ఈ రైలు యాడిది?" అన్నాడు.

ఇప్పటి పిల్లలకు చెప్పేది ఒకటే. మీకు సినిమాను ఆపి, వెనక్కి తిప్పి, పదిసార్లు చూసే వసతి ఉంది. వాడుకోండి. అల్లి చెప్పడం వచ్చని మురిసిపోకండి. నేను మురిసిపోయాను, అందుకే అంటున్నాను.

తెల్లవాళ్ళకు మన పేర్లు

మా జనానికి తెల్లవాళ్ళంతా ఒక్కలాగే కనబడేవాళ్ళు. ఆ పేర్లు నోరు తిరిగేవి కావు. అందుకని మాకు ఒక పద్ధతి ఉండేది. సినిమా మొదట్లోనే ఒక్కొక్కరికి మన పేరు, మన ఊరు పెట్టేసేవాళ్ళం. "ఈ లావాటాయన బత్తలపల్లి నారాయణ అనుకోండి. ఆ కండ్లద్దాలాయన అమరాపురం ఈరప్ప." అంతే, ఇక ఎవరికీ తికమక ఉండేది కాదు. తమ ఊరి పేరు వినబడితే ఆ మూల నుంచి ఈలలు లేచేవి. ఊరూరికీ ఊళ్ళ పేర్లు మారుస్తూ పోయేవాణ్ణి. ఈ పద్ధతి నేను పుట్టించింది కాదు, నాకు ముందు చేసినాయన దగ్గర నేర్చుకున్నది.

చైనా యుద్ధం అయిపోయిన తరువాత కొన్నాళ్ళకు, ఒక ఎండాకాలం, యుద్ధం సినిమా ఒకటి వచ్చింది. పేరు ఇప్పుడు అనవసరం. మొదటి సగమంతా కుర్రవాళ్ళను పట్టాళంలో తయారు చేయడం. రెండో సగం వాళ్ళు పోయి యుద్ధం చేయడం. మొదటి పెనుకొండ ఆటలోనే నాకు పెద్ద చిక్కు వచ్చి పడింది. మామూలుగా ఒకడి క్రాపు, ఒకడి టోపీ చూసి గుర్తు పెట్టుకునేవాళ్ళం. ఇందులో మొదటి రీల్లోనే అందరికీ గుండు గీకి, ఒకే గుడ్డలు తొడిగేశారు. జనం ఒకటే గొణుగుడు. పేర్లు లేకపోతే ఈ సినిమా నడవదని తెలిసిపోయింది. లావాటివాడు నారాయణ, అద్దాలవాడు ఈరప్ప అయ్యారు. పొడుగ్గా, సన్నగా, ఊరికే నవ్వే కుర్రాడు ఒకడున్నాడు. వాడికి సోమందేపల్లి రంగడు అని పెట్టాను. డేరాలో సోమందేపల్లి వాళ్ళు చాలామందే ఉన్నారు. ఈలలతో పాటు ఒక కేక వినబడింది. "మా ఊర్లో రంగన్న నిజంగానే పట్టాళంలో ఉండాడప్పో."

నేను నవ్వి ముందుకు పోయాను.

గడ్డిబొమ్మ

ఆ మొదటి సగం నాకు చాలా ఇష్టమైంది. మనిషిని సిపాయిని ఎలా చేస్తారో అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. హవల్దారు ముఖం మీద ముఖం పెట్టి అరుస్తాడు. చక్కగా పరిచిన పక్కను కాలితో తన్ని మళ్ళీ పరవమంటాడు. ముళ్ళతీగల కింద పాకిస్తాడు, పైన తూటాలు పోతుంటాయి. మూటలు వీపుకు కట్టి నడిపిస్తాడు. రాత్రి కుర్రవాళ్ళు బూట్లు విప్పితే కాళ్ళ నిండా బొబ్బలు. గడ్డితో మనిషి బొమ్మ చేసి వేలాడదీసి, తుపాకీ చివర కత్తితో పొడవమంటాడు. రంగడు నవ్వుతూ పొడిస్తే, అరుస్తూ పొడవాలని తన్నుతాడు. ఎందుకు అరవాలి? పక్క ఎందుకు చెరపాలి? జనమూ అదే అడిగేవాళ్ళు.

తెలుసుకుందామని హిందూపురంలో సైకిల్ షాపు కరీంసాబు దగ్గరికి పోయాను. ఆయన పెద్ద యుద్ధంలో బర్మా దాకా పోయి వచ్చిన హవల్దారు. పక్క సంగతి అడిగితే పడిపడి నవ్వాడు.

"పక్క బాగా పరిచినాడా లేదా అని కాదు నాయనా. ఏంటికి అని అడగకుండా చేసేది నేర్పిస్తారు. ఏంటికి అని అడిగేవాడు ఆడ పనికిరాడు."

"మరి గడ్డిబొమ్మను పొడిచేటప్పుడు అరిచేది?"

"వాని నోరు వానికే వినబడాల. లోపల ఇంకేమీ వినబడగూడదు."

రెండో సగం గురించి కూడా అడిగాను. యుద్ధంలో నిజంగా అట్లా ఉంటుందా అని. చేతిలోని సైకిలు చైను బిగించాడు. "నీ సినిమాకు పెనుకొండలో వచ్చింటి. మొదటి సగం బాగా చెప్పినావు. రెండో సగంలో నీ నోరు జాస్తి అయింది," అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ రెండో సగమే నాకు ఊరంతా పేరు తెచ్చింది మరి.

అది కూడా చెప్పాలి. రెండో సగంలో కుర్రవాళ్ళను ఒక దీవిలో దింపుతారు. బురద, ఫిరంగి గుండ్లు, పొగ. రంగడికి ఎదురుగా శత్రువుల కుర్రాడు ఒకడు వస్తాడు. రంగడు గడ్డిబొమ్మను పొడిచినట్టే పొడుస్తాడు. కానీ కత్తి వెనక్కి రాదు. లాగుతాడు, రాదు. ఆ కుర్రాడు ఇతని చేతులు పట్టుకుని చూస్తూ ఉంటాడు. అక్కడే కూలబడిన రంగడి మీద గుండు పడుతుంది. స్నేహితుడు పరిగెత్తుకుంటూ వచ్చి ఒళ్ళో పెట్టుకుంటాడు. అప్పటికే ప్రాణం లేదు.

నాగప్ప మొదటి రోజే చెప్పాడు. "యుద్ధం బొమ్మ అంటే జనానికి ఉడుకెక్కల్ల. ఊరికే సచ్చిపోతే ఎట్ల? ఏమన్నా మాట్లాడించు." సరేనని ఆ చచ్చిపోయే రంగడి చేత నేను మాట్లాడించాను. అమ్మా, నేను తిరిగి రాలేను, నేలతల్లి రుణం తీర్చుకున్నాను, నా కోసం ఏడవకు అని, గొంతు వణికిస్తూ, గుండు పడినప్పటి నుంచి రీలు అయ్యేదాకా. పెనుకొండ డేరాలో ఆడవాళ్ళు వెక్కివెక్కి ఏడ్చారు, మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. సినిమా అనుకున్న దానికంటే ఎక్కువ రోజులు ఆడింది, ఆ పేర్లే హిందూపురానికీ వచ్చాయి. హిందూపురం హాల్లో వేసే రోజు నాగప్ప సర్కారు కచేరీల పెద్దమనుషుల్ని పిలిచి కుర్చీల్లో కూర్చోబెడతానన్నాడు, నా చివరి మాటలు వినిపించడానికి.

మారెక్క

ఆ రోజు సాయంత్రం మొదటి ఆటకు ముందు, మైకు సరిచూసుకుంటుంటే గేటు దగ్గర ఒకామె నా కోసం అడుగుతోందని చెప్పారు. పోయి చూశాను. గొర్రెలు మేపే ఇంటి మనిషి. నడివయసు. ఎండకు నల్లగా కాలిన ముఖం, కొంగున కట్టిన మూట.

"మైకాయప్ప నువ్వేనా?"

"నేనేనక్కా. ఏ ఊరు?"

"సోమందేపల్లి పక్కన పల్లె. నా పేరు మారెక్క. రంగన్న నా కొడుకు."

పెనుకొండలో వినబడిన కేక గుర్తుకొచ్చింది.

"పెనుకొండలో మా ఊరోళ్ళు చూసొచ్చినారు. నీ కొడుకు సినిమాలో ఉండాడు పో, చూసిరాపో అనిరి."

"అక్కా, అది నీ కొడుకు కాదు. తెల్లవాడు. గుర్తుకు ఉంటుందని నేనే ఆ పేరు పెట్టాను."

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఆ మాత్రం నాకు తెల్దా అప్పా. నా కొడుకు నల్లగా ఉంటాడు. కానీ వాడు చేసే పని అదేనా, కాదా? గుండు గీకించినారంట, వానికీ గీకించింటారు గదా. ఏం తింటాడు, యాడ పండుకుంటాడు, ఎవురు లేపుతారు. కార్డులో ఇవేమీ రాయడు. బాగుండాను అని రాస్తాడు. దసరా నుంచి అది కూడా రాలేదు. పోస్టాయన్ని అడిగి అడిగి సాలయింది. చూసిపోదామని వచ్చినా."

ఆడవాళ్ళ వైపు, తెరకు దగ్గరగా, నా స్టూలు మీద నుంచి కనబడే చోట కూర్చోబెట్టాను. దసరా నుంచి కార్డు లేదు. ఈమె కొడుకు ఉన్నాడో లేడో ఈమెకు తెలియదు. ఇంకాసేపట్లో నేను మైకులో వాణ్ణి చంపబోతున్నాను.

మొదటి సగమంతా నేను తెరను చూసింది తక్కువ, ఆమెను చూసింది ఎక్కువ. గుండు గీకినప్పుడు చేత్తో తన తల తడుముకుంది. పక్క తన్నినప్పుడు పక్కనామెతో ఏదో అని నవ్వింది. ఇంట్లో ఒక్కరోజు కూడా దుప్పటి మడిచి ఎరుగడు అని అందట, తరువాత తెలిసింది. అన్నం దగ్గర అందరూ పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడితే ముందుకు వంగింది, అందులో ఏం వేస్తున్నారో చూడాలని. ఆ రోజు ఎప్పుడూ చెప్పనివి కూడా చెప్పాను. ఇదిగో రొట్టె, ఇది మాంసం, ఇది టీ, కడుపునిండా పెడతారు, వాన వస్తే కప్పుకోవడానికి గుడ్డ ఇస్తారు అని. కాళ్ళ బొబ్బలు చూపించినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హవల్దారు అరుస్తుంటే మాత్రం ఆమెకు భయం లేదు. ఏకాగ్రతతో చూసింది. ఒక పని ఎలా చేస్తారో మొదటిసారి చూసేవాళ్ళ ముఖం అది.

విరామంలో ఆమె దగ్గరికి పోయాను. "బాగుందక్కా సినిమా? ఇంక మిగిలింది ఉత్త కొట్లాట. ఆలస్యం కాకముందే బస్సు చూసుకో. నేను మనిషిని పంపిస్తా స్టాండు దాకా."

ఆమె కదల్లేదు. మూట ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది. "మా ఊరోళ్ళు కూడా ఇట్లే చేసినారప్పా. ఇంటర్వెల్లో సోడాలు తాగినదాంకా బాగా చెప్పినారు. ఆపైన ఏమాయ అంటే గుర్తు లేదనిరి. అంతమంది పోయినారు, ఒక్కరికీ గుర్తు లేకుండా ఎట్ల పోతాది?"

స్టాండుకు తోడు పంపే మనిషిని చెయ్యెత్తి పిలిచాను.

"కూర్చుంటా," అంది.

రెండో సగం

మైకు దగ్గరికి పోయేటప్పటికి కుర్చీల్లో పెద్దమనుషులు వచ్చి ఉన్నారు. నాగప్ప నాకు కనబడేలా చెయ్యి ఊపాడు. దీపాలు ఆరిపోయాయి.

దీవిలో దిగేదాకా ఎలాగో చెప్పుకుంటూ పోయాను. లోపల ఒకటే లెక్క. రంగడి పేరు మార్చేస్తే? చచ్చిపోయేది నారాయణ అని చెప్పేస్తే? ముఖాలన్నీ మసి పట్టి ఉన్నాయి, ఎవరికి తెలుస్తుంది? నోరు తెరిచాను. బెంచీల్లో బత్తలపల్లి నుంచి వచ్చిన కుర్రవాళ్ళు ఇందాకటి నుంచి నారాయణ కనబడితే చాలు ఈల వేస్తున్నారు. పోనీ ఈరప్ప అందామా? మడకశిర వైపు జనం హాలు నిండా ఉన్నారు, అందులో అమరాపురం వాళ్ళు లేరని ఎవరు చెప్పగలరు? ఆ ఈరప్పకు మాత్రం అమ్మ ఉండదా? ఏ ఊరి పేరు చెప్పినా ఆ ఊరి నుంచి ఎవరో ఒకడు పట్టాళానికి పోయి ఉంటాడు. ఎవరి మీదికి తొయ్యడానికీ నాకు నోరు రాలేదు.

తెర మీద శత్రువుల కుర్రాడు ఎదురొచ్చాడు. రంగడు పొడిచాడు. కత్తి వెనక్కి రావడం లేదు. నేను మైకు స్విచ్చి కట్టేసి ఒళ్ళో పెట్టుకున్నాను.

హాల్లో జనం మొదట నా వైపు చూశారు. మైకు చెడిందనుకున్నారేమో. నేను చెప్పకపోయేసరికి తెర వైపు తిరిగారు. అంతకుముందు ఎన్ని ఆటలు చెప్పానో, ఆ సినిమాను నేను విన్నది ఆ రోజే. కత్తి లాగుతుంటే రంగడి గొంతులో నుంచి చిన్న పిల్లవాడి మూలుగు లాంటి శబ్దం ఒకటి వస్తుంది. ఆ శత్రువు కుర్రాడు ఏదో రెండు మాటలంటాడు, వాళ్ళ భాషలో. తరువాత గుండు. తరువాత చాలాసేపు ఏమీ లేదు, వాన చప్పుడు తప్ప. స్నేహితుడు బురదలో పాకుతూ వచ్చి పేరు పెట్టి పిలుస్తాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. "వాల్టర్. వాల్టర్." చచ్చిపోయిన ఆ కుర్రాడు మాట్లాడడు. నేను చెప్పించిన నేలతల్లి మాటలు ఆ నోట్లో ఎక్కడా లేవు. అన్ని రోజులూ ఆ పిలుపు మీద నేను అరుస్తూ కూర్చున్నాను.

ఎవరూ ఏడవలేదు, చప్పట్లూ లేవు. నేలటిక్కెట్టు వాళ్ళు బీడీలు వెలిగించడం కూడా మరిచిపోయారు. మారెక్క రెప్ప వేయకుండా చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు ఈసారి.

ఆట అయ్యాక నాగప్ప నా మీదికి వచ్చాడు. "మైకు చెడిపోయిందా?"

"లేదు."

"మరి ఏమొచ్చింది నీకు? పెద్దోళ్ళ ముందర నా పరువు తీసినావు గదా."

"చెప్పేది ఏమీ లేదు, నాగప్పా. అందుకే చెప్పలేదు."

ఆ తరువాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు ఆయన. సినిమా మాత్రం నడిచింది. నేను చివర్లో మైకు కట్టేస్తూనే ఉన్నాను, ఆయన వద్దనలేదు. నాగప్ప తప్పు ఒప్పుకున్నది నేనెప్పుడూ చూడలేదు, కానీ నడుస్తున్న దాన్ని చెడగొట్టే మనిషీ కాదు.

మారెక్క గేటు బయట నా కోసం నిలబడి ఉంది.

"ఆ పక్కనోడు ఏమని పిలిచినాడప్పా?"

"వాల్టర్ అని."

"అది ఆయప్ప పేరా?"

"అవునక్కా."

"అయితే రంగడు కాదు."

"కాదు. నేను పెట్టింది తప్పు పేరు."

ఆమె కాసేపు ఆ పేరు నోట్లోనే అనుకుంది. ఆ తరువాత మూట విప్పి రెండు ఓళిగలు, అవే బొబ్బట్లు, నా చేతిలో పెట్టింది. "కొడుకు పేరు విని చేసుకొచ్చినా. నువ్వు తిను," అని చెప్పి బస్సు స్టాండు వైపు పోయింది. కొడుకు సంగతి ఆమెకు ఇంకా తెలియదు. నాకూ తెలియదు. ఆ వేసవంతా పోస్టాయన సైకిలు కనబడితే చాలు ఆమే గుర్తొచ్చేది.

పొట్టి జుట్టు మనిషి

వానలు వెనకబడి, పోయినవాళ్ళకు ఆకు పరిచే పెద్దల అమావాస్య దగ్గర పడుతున్న రోజుల్లో హాలు దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. నల్లగా, పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. పంచె కట్టాడు గానీ కాళ్ళకు బూట్లున్నాయి. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది.

"నేను రంగన్న, అన్నా. మారెక్క కొడుకుని. సెలవు మింద వచ్చినా."

వాణ్ణి పట్టుకుని నిలబడిపోయాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. వాడు సిగ్గుపడిపోయాడు.

కొండల్లో ఎక్కడో పోస్టు అందని చోట పెట్టారట, అందుకే కార్డులు రాలేదట. టీ తాగుతూ ఇంటి సంగతి చెప్పాడు. "మాయమ్మతో వేగలేకుండాను అన్నా. ఇంట్లోకి రాకముందే బూట్లు ఇప్పమనింది, కాళ్ళు చూడల్లని. హవల్దారు పక్క తన్నినాడా అని అడిగింది. గడ్డిబొమ్మను అరిచి పొడిచినావా, నవ్వి పొడిచినావా అనింది. నాకంటే ముందు పట్టాళం పోయొచ్చినట్ల మాట్లాడతాది."

"నిజంగా అట్లే ఉంటుందా అబ్బాయ్, సినిమాలో లాగ?"

"మొదటి సగం అట్లే ఉంటాదన్నా."

గ్లాసు పక్కన పెట్టి వచ్చిన పని చెప్పాడు.

"అమావాస్యకు నిన్ను పిలుచుకొని రమ్మనింది. ఆ సచ్చిపోయినాయప్పకు కూడా పెద్దల్లో ఆకు పెడతాదంట. పేరు మర్చిపోయిందంట, నిన్ను వచ్చి చెప్పమనింది. నా పేరు మోసి సచ్చిపోయినాడంట ఆయప్ప. నా మిందికి వచ్చిన గండం ఆయప్ప మింద పోయిందంట. వాళ్ళోళ్ళు యాడనో ఉండారు, ఈడ ఎవురు పెడతారు అంటాది."

"అబ్బాయ్, వాడు నటుడు. ఎక్కడో బతికే ఉంటాడు."

"నేనూ అదే చెప్పినా అన్నా. యాక్టరు బతికింటే బతకనీ, సచ్చిపోయినోడు సచ్చిపోయినాడు గదా, అనింది."

పోయాను. పోకుండా ఎలా ఉంటాను? మిద్దె ఇల్లు, ముందర గొర్రెల దొడ్డి. లోపల గోడకు ఆనించి దీపం పెట్టి, పెద్దల కోసం ఆకులు పరిచారు. మారెక్క మామకు, అత్తకు, మొగుడికి. వాళ్ళ పక్కన కొంచెం ఎడంగా ఇంకొక ఆకు. అన్నిట్లోనూ సంగటి, మాంసం, ఓళిగలు. మొగవాళ్ళ ఆకుల ముందు కొత్త పంచెలు. ఆ ఎడం ఆకు ముందర ఆమె ఆగిపోయింది.

"ఆయప్ప పంచె కట్టుకుంటాడా అప్పా?"

"కట్టుకోడక్కా. అలవాటు ఉండదు."

"సంగటి తింటాడా?"

"ఏమో. ఆకలైతే తింటాడు."

రంగన్న లోపలికి పోయి తన పెట్టె తెరిచాడు. ఖాకీ షర్టు, ప్యాంటు తెచ్చాడు. పట్టాళంలో నేర్పినట్టు అంచులు కలిపి మడిచి ఆ ఆకు ముందర పెట్టాడు. అక్కడే మోకాళ్ళ మీద కాసేపు ఉండిపోయాడు. వాడు ఎవరిని తలుచుకుంటున్నాడో నాకు తెలియదు. ఆ ఆకు ఒక్క వాల్టర్‌ది మాత్రమే కాదని అప్పుడు అనిపించింది.

"పేరు చెప్పప్పా," అంది మారెక్క. చెప్పాను. ఆమె అత్తమామల్ని, మొగుణ్ణి పిలిచినట్టే పిలిచింది. "వాల్టరూ, వచ్చి తినిపో నాయనా."

పెద్దలు తినేటప్పుడు ఎవరూ చూడకూడదని అందరం బయటికి వచ్చాం. ఆమె తలుపు దగ్గరికి వేసి గడప పక్కన కూర్చుంది. నాకు మనసులో ఎన్నో మాటలు తిరుగుతున్నాయి, ఏదో ఒకటి ఆమెకు చెప్పాలనిపించింది. నోరు తెరిచాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మాట్లాడొద్దప్పా. తిననీ."